పోర్టుల్లో కుంకుమ

మా కంపెనీ వెబ్‌సైటులో చరిత్ర అని ఒక పేజీ ఉంది. చింతామణిలో మా ఇంటి ముందుగదిలో మొదలై, చిక్కబళ్ళాపురం శివార్లలో సొంత షెడ్డుదాకా వచ్చామని అందులో రాశారు. అంతా నిజమే. మా అత్తగారు తప్ప అందరూ ఉన్నారు.

మేం చేసేది నెట్‌వర్క్ స్విచ్చులు. అంటే, ఒక ఇంటర్నెట్ లైనును చాలా కంప్యూటర్లకు పంచే డబ్బాలు. వాటి ముఖాన కేబుళ్ళు దూర్చే రంధ్రాలుంటాయి, వాటినే పోర్టులంటాం. మా ఆయన డిజైను చేసేవాడు, నేను ఒక్కో పోర్టూ పరీక్షించేదాన్ని. మొదటి పెద్ద ఆర్డరు బాగేపల్లిలో ఒక కాలేజీ ఇచ్చింది. సరుకు పంపే ముందు ఆయుధపూజ వచ్చింది. అత్తగారు తలంటుకుని, ప్రతి డబ్బాకూ ముఖం మీద నిండుగా కుంకుమ పెట్టింది. మేమిద్దరం పక్కనే నిలబడి హారతి కళ్ళకద్దుకున్నాం. ఇంత చదువుకుని ఇద్దరికీ తట్టలేదు.

వారం తిరక్కముందే కాలేజీ నుంచి ఫోను, సగం పోర్టులు పనిచేయడం లేదని. వెళ్ళి టార్చి వేసి చూస్తే లోపలంతా ఎర్రగా ఉంది.

"ఇదేందప్పా?" అన్నాడు ప్రిన్సిపాలు, వంగి చూసి.

"కుంకుమ సార్. మా అమ్మ పూజ చేసింది" అన్నాడు మా ఆయన.

ఆర్డరు పోయిందనే అనుకున్నాను. ఆ పెద్దాయన మాత్రం, "ఇంగ ఆమెనేమనేది. డబ్బాలొచ్చిన దినం మేమూ పూజ చేసినాము. మీ కుంకుమేదో మా కుంకుమేదో ఎవరు చెప్పేది? కూర్చోని తుడిచిపెట్టి పోండి" అన్నాడు.

బస్సులో మా ఆయన, "అమ్మకు చెప్పొద్దు" అన్నాడు. "కంపెనీలో ఆమెకుండే పని అదొక్కటే. అదీ లేకుండా చేయొద్దు." నాకు ఒళ్ళు మండిపోతోంది, అయినా సరేనన్నాను. ఇంట్లో మిగిలిన డబ్బాలను పేపరు పరిచి బ్రష్షుతో దులుపుతుంటే అత్తగారు గడపలో నిలబడి చూసింది. ఆ తర్వాతే పోర్టులకు రబ్బరు మూతలు చేయించాం.

మరుసటి ఏడు పూజకు అన్నీ సర్దాక ఆమె కనిపించలేదు. వంటింట్లో చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చుంది.

"రాండత్తా" అన్నాను.

"మీరే చేసుకోండమ్మా. నా చెయ్యి పడితే చెడిపోతాండాయి కదా" అంది, తలెత్తకుండా.

ఏడాదిపాటు అది మనసులో పెట్టుకుని తిరిగిందన్నమాట. కుంకుమ భరిణె తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాను.

"మూతలు పెట్టినామత్తా, లోపలికి దిగదు. మీరు బొట్టు పెట్టందే ఒక్క డబ్బా గడప దాటదు."

ఆమె లేచి చేతులు కడుక్కుంది. ముందుగదిలోకొచ్చి, మొదటి డబ్బాకు బొట్టు పెట్టబోతూ ఆగి, మూతలు గట్టిగా ఉన్నాయో లేదో ఒక్కొక్కటే వేలితో నొక్కి చూసింది.