అమ్మమ్మ ఎక్కడి నుంచి రిటైరయింది?

మా అమ్మమ్మ యాభై ఒక్క ఏళ్లు ఉద్యోగం చేసింది. మంచం దిగి నాలుగడుగులు వేస్తే ఆఫీసు. కిటికీ కింద తెల్ల దుప్పటి పరిస్తే తెరిచినట్టు, మడిచి పెట్టెలో పెడితే మూసినట్టు. ఆలస్యంగా వచ్చావని ఆవిణ్ణి ఎవరూ ఏమీ అనలేదు. త్వరగా వెళ్లిపోతానంటే వెళ్లడానికి చోటూ లేదు.

ఆవిడ చేసింది కాజాలు కుట్టడం. చొక్కాకు గుండీ దూర్చే కంత ఉంటుంది కదా, అదే కాజా. పేరున్న టైలరు ఒకాయన చొక్కాలూ కోట్లూ కుట్టి, కాజా రావలసిన చోట సుద్దతో గీత గీసి, మూటకట్టి పొద్దున్నే పంపేవారు. సాయంత్రానికి మూట తిరిగి వెళ్లాలి. గీత మీద కోసి, అంచు పోగులు లేవకుండా మైనం పట్టించిన దారంతో ముడి పక్కన ముడి వేసుకుంటూ రావాలి. ఒక కాజాకు ఎనభై ముడులు. అందులో ఒక్కటి లావైనా గుండీ అక్కడే ఆగి అలుగుతుందనేది అమ్మమ్మ. ఆవిడ గుండీల గురించి మాట్లాడేటప్పుడు ఎవరో చుట్టాల గురించి చెబుతున్నట్టుండేది.

దుప్పటి పరిచి ఉన్నంతసేపూ మా అమ్మగానీ మామయ్యగానీ ఆవిణ్ణి పిలవకూడదు. ఆకలేస్తే దుప్పటి అంచున నిలబడి, సూదిలో దారం అయిపోయేదాకా ఆగాలి. మామయ్యకు చిన్నప్పుడు జ్వరం వస్తే, దుప్పటి పక్కనే పడుకోబెట్టి, కాలి బొటనవేలు ఆయన చెంపకు ఆనించి వేడి చూసుకుంటూ పెళ్లికొడుకు కోటు పూర్తి చేసిందట. ఈ సంగతి చెప్పినప్పుడల్లా మామయ్య ఇప్పటికీ చెంప తడుముకుంటాడు.

మా తాతయ్య బస్సు కండక్టరు. ఒకసారి జనాభా లెక్కల మనిషి వచ్చి, మీ ఆవిడ ఏం చేస్తారని అడిగాడట. ఏమీ చెయ్యదు, ఇంట్లోనే ఉంటుందన్నారు తాతయ్య. అప్పుడు అమ్మమ్మ కిటికీ దగ్గర కూర్చుని ఆయన కొత్త యూనిఫారం చొక్కాకే కాజాలు కుడుతోంది. తల ఎత్తలేదు. నాలుగు కాజాలు అయిపోయాయి, ఇంకా మూడున్నాయి. ఏమీ చెయ్యని మనిషి ఆ మూడూ చెయ్యలేదు. తాతయ్య వారం రోజులు చొక్కాకు పిన్నీసులు పెట్టుకుని టికెట్లు కొట్టారు. ఆ తర్వాత ఎవరడిగినా, మా ఆవిడ కాజాల పని చేస్తుందని, అడగనివాళ్లకు కూడా చెప్పేవారట.

నేను పదో తరగతి పరీక్ష రెండుసార్లు రాశాను. రెండుసార్లూ అది నన్ను వద్దంది. ఇప్పుడు జిరాక్సు షాపు నడుపుతున్నాను. షాపు పైన ఒక గది ఉంది, అది విశ్రాంత ఉద్యోగుల సంఘం వాళ్లది. నాలుగు బెంచీలు, ఒక క్యారమ్ బోర్డు, పేపర్లు, తిరిగితే మోతెక్కిపోయే ఫ్యాను. పొద్దున పదికి తెరిచి సాయంత్రం ఐదుకు మూస్తారు. జన్మంతా ఆ వేళలకు అలవాటు పడ్డవాళ్లు మరి. పెన్షన్ కాగితాలు జిరాక్సు తీయించుకోవడానికి దిగినప్పుడల్లా వాళ్ల వాదనలు కూడా మెట్ల మీదుగా దిగి వస్తాయి.

ఈ ఏడాదంతా వాళ్లకు ఒకటే వాదన. ఇంట్లో కూర్చుని ఉద్యోగం చేస్తున్నామనేవాళ్లు నిజంగా పని చేస్తారా, చెయ్యరా?

చెయ్యరని అందరికన్నా గట్టిగా అనేది సంఘం అధ్యక్షుడు. ముప్పై ఆరేళ్లు ఒకే ఆఫీసులో హెడ్ క్లర్కుగా చేసిన మనిషి. ఆయన కొడుకు ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని పనిచేస్తాడు. పైన ఇస్త్రీ చొక్కా, కింద నిక్కరు. కెమెరాకు చొక్కా కనబడితే చాలట. నిక్కరు వేసుకుని చేసేది పనెలా అవుతుందని ఆయన బాధ. రిటైర్డ్ రైల్వే గార్డు గారిది ఇంకో బాధ. మనిషి బయల్దేరకుండా ఉద్యోగమేమిటి, రైలు షెడ్డులోనే ఉండి ఊరు చేరానన్నట్టుంది అంటారు. రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్ గారి కోడలైతే గంటసేపు తెర వైపు చూసి తల ఊపుతుందట. తల ఊపడమే పనైతే నా క్లాసులో వెనక బెంచీ అంతా ఓవర్‌టైమ్ చేసినట్టే అంటారావిడ.

ఇదంతా ఇలా ఉండగా, పోయిన ఏడాది మా అమ్మమ్మ పని మానేసింది. ఎందుకు మానేసిందో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. వయసు మీద పడింది కదా, ఇక హాయిగా ఉంటుందని మేమూ అడగలేదు.

ఆవిడ హాయిగా ఏమీ లేదు. పొద్దున్నే లేచి నాలుగడుగులు వేసి కిటికీ కింద కూర్చునేది. దుప్పటి లేదు, మూట లేదు. లేచి ఇంకో మూలకు వెళ్లేది. అక్కడా కాసేపే. మా అమ్మ పడుకోమని బతిమాలితే పడుకునేది, అదీ ఎవరో చూస్తారేమోనన్నట్టు ఒక కన్ను తెరుచుకుని. తిండి తగ్గింది. మాట తగ్గింది. మా ఇంట్లో మాట తగ్గడమంటే మామూలు విషయం కాదు, అదీ ఆవిడకి.

"ఏ మూల కూర్చున్నా పని ఎగ్గొట్టి కూర్చున్నట్టుందే" అంది నాతో ఒకరోజు.

సరే, నా షాపులో కూర్చుందువుగాని రమ్మని తీసుకొచ్చాను. నాలుగు రోజులు స్టూలు మీద కూర్చుని పైనుంచి వచ్చే మాటలన్నీ వింది. ఐదో రోజు మెట్ల వైపు గడ్డం చూపించి, నన్ను ఆ గదిలో చేర్పించవే అంది. ఇన్నేళ్లలో ఆవిడ నన్నుగానీ ఇంకెవర్నిగానీ నోరు తెరిచి అడిగింది అదొక్కటే. అది కుదరకపోతే మళ్లీ ఆ మూలలే గతి అని నాకు తెలుసు.

దరఖాస్తు నేనే రాశాను. పనిచేసిన కార్యాలయం అన్న చోట మా ఇంటి చిరునామా. హోదా అన్న చోట కాజాలు. చేరిన తేదీ రాశాను. విరమణ తేదీ అడిగితే అమ్మమ్మ చెప్పలేదు, ఖాళీగా వదిలేశాను. పై అధికారి సంతకం కూడా ఖాళీ. హెడ్ క్లర్కు గారు ముందు నా అక్షరదోషాలన్నిటికీ ఎర్ర ఇంకుతో సున్నాలు చుట్టి, ఆ తర్వాత విషయం చదివారు. చదివి కిందికి దిగి వచ్చారు.

"అమ్మాయ్, ఇది విశ్రాంత ఉద్యోగుల సంఘం. మీ అమ్మమ్మగారు గృహిణి."

ఆయన చెడ్డవారు కాదు. ఎదురైతే అమ్మమ్మకు నమస్కారం పెట్టే మనిషే. కానీ ఆవిణ్ణి చేర్చుకుంటే, ఏడాదిగా ఫ్యాను మోతను మించి చెప్పిందంతా మింగాలి. వెనకే దిగిన గార్డు గారు ఆ సంగతి దాచలేదు. ఈవిణ్ణి చేర్చుకుంటే మీవాడు పని చేస్తున్నాడని ఒప్పుకున్నట్టేగా అని నవ్వారు. హెడ్ క్లర్కు గారు మొహం గంటు పెట్టుకుని, శనివారం మీటింగులో తేలుద్దామన్నారు.

డెబ్బై మూడేళ్ల వయసులో మా అమ్మమ్మ మొదటిసారి ఇంటర్వ్యూకు వెళ్లింది. ఉతికిన బట్టలు మళ్లీ ఉతికించింది. నన్ను కూడా తల దువ్వుకోమంది.

మీటింగుకు తొమ్మిది మంది వచ్చారు. పని వేళలేమిటని అడిగారు. కిటికీలోకి ఎండ వచ్చినప్పటి నుంచి, అది ఎదురింటి గోడెక్కేదాకా అంది అమ్మమ్మ. సెలవులు? రెండు కాన్పులకు రెండు, అవి కూడా అత్తగారు సూదులు దాచేస్తే. మీ పై అధికారి? టైలరు గారు, ఆయన మా గడప తొక్కింది రెండుసార్లే. హెడ్ క్లర్కు గారు ఈ మాట దగ్గర ఠక్కున పట్టుకున్నారు.

"మరి మీరు పని చేస్తున్నారో లేదో చూసేదెవరమ్మా?"

"చూడ్డమెందుకు అన్నయ్యగారూ? గుండీ పెట్టుకుంటే తెలిసిపోతుందిగా."

గార్డు గారి చెయ్యి తనంతట తనే చొక్కా రెండో గుండీ మీదికి వెళ్లింది. అక్కడ ఒక దారప్పోగు వేలాడుతోంది. అమ్మమ్మ దాన్ని వచ్చీరాగానే చూసిందని నాకు తెలుసు, మర్యాదకు ఊరుకుంది.

తర్వాత ఆవిడే ఒక ప్రశ్న వేసింది. మీ అబ్బాయికి పొద్దున ఇచ్చిన టీ కప్పు ఖాళీగా వస్తుందా, మీగడ కట్టి వస్తుందా అని. హెడ్ క్లర్కు గారు దరఖాస్తు అటూ ఇటూ తిప్పారు. చివరికి, మధ్యాహ్నం ఆ కప్పు తీసి సింకులో పారబోసేది తనేనని ఒప్పుకున్నారు. మీగడ కట్టి ఉంటుంది, ఒక్కోసారి నిండుగానే ఉంటుంది. ఇంత ఖరీదైన పొడి, ఇంత వృథా అని కూడా గొణిగారు.

"అయితే చేస్తున్నాడండీ. ఎగ్గొట్టేవాడు టీ చల్లారనివ్వడు" అంది అమ్మమ్మ. "నిక్కరుదేముంది, కాళ్లతో చేసే పని కాదుగా."

అందరూ నవ్వారు. హెడ్మిస్ట్రెస్ గారు మాత్రం నవ్వకుండా ఏదో ఆలోచనలో పడ్డారు. కోడలి కప్పు గుర్తొచ్చిందేమో.

హెడ్ క్లర్కు గారు దరఖాస్తు మీద వేలు పెట్టి, విరమణ తేదీ లేదన్నారు. తేదీ లేకుండా విరమణ ఎలా అవుతుంది? మిమ్మల్ని ఫలానా రోజు నుంచి రావద్దన్నారా? అమ్మమ్మ తన చేతుల వంక చూసుకుంది. చెప్పదనుకున్నాను. ఏడాదిగా మాకెవరికీ చెప్పని మాట ఆ తొమ్మిది మంది ముందు చెప్పింది.

"ఆ రోజు పని తొందరగా అయిపోతే మూట నేనే పట్టుకెళ్లానండీ. టైలరు గారు ఒక్కరే ఉన్నారు. ముందురోజు నేను పంపిన కోటు ఒళ్లో పెట్టుకుని, నా కాజాలు రెండు విప్పి మళ్లీ కుడుతున్నారు. నన్ను చూసి కోటు బల్ల కిందికి తోసేశారు. ఎన్నాళ్ల నుంచండీ అన్నాను. వానలప్పటి నుంచి అన్నారు. అంటే ఆరు నెలలు. నాకు చూపు ఆనట్లేదు సరే, ఆయనకు మాత్రం కళ్లు బాగున్నాయా? నాకన్నా పెద్దాయన. సూదుల పెట్టె ఆ బల్ల మీదే పెట్టి వచ్చేశాను. మార్చి పదకొండు. ఆ తేదీ వేసుకోండి."

హెడ్మిస్ట్రెస్ గారు, మనల్ని వయసు చూసి పంపించారు, ఈవిడ పని చూసి తనని తనే పంపించుకుంది అన్నారు మెల్లగా. తర్వాత కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మురికి ఏమీ లేదు వాటికి.

నా కళ్లకూ ఏదో అడ్డం పడింది. ఆరు నెలలు ఆవిడ కాజాలు వంకర పోతుంటే పక్కనే తిరుగుతున్న నేను చూడలేదు. చూసే కళ్లు నాకెక్కడివి? నా చొక్కా గుండీలు ఇప్పటికీ ఒకటి పైకి ఒకటి కిందికే పెట్టుకుంటాను.

హెడ్ క్లర్కు గారి గొంతు తగ్గింది.

"పని కాదనడం లేదమ్మా. ఒప్పుకుంటున్నాను. కానీ ఈ డొక్కు గదిలో ఏముందని? ఇంట్లో హాయిగా విశ్రాంతి తీసుకోక."

"మీరంతా ఉద్యోగం అయిపోయాక ఇంటికొచ్చారు అన్నయ్యగారూ. నా ఉద్యోగం ఇంట్లోనే అయిపోయింది. నేనెక్కడికి రావాలి?"

ఆయన పెన్ను మూత తీశారు. మార్చి పదకొండు అని రాశారు. పై అధికారి సంతకం దగ్గర పెన్ను ఆగింది. ముప్పై ఆరేళ్లలో ఖాళీ గడి వదిలిన మనిషి కాదు. ఆలోచించి, ఆ గడిలోనే సంతకం పెట్టమని కాగితం అమ్మమ్మ ముందుకు జరిపారు. మీ పని ఎప్పుడు చాలో చెప్పింది మీరే, మీ అధికారి కూడా మీరేనన్నారు. అమ్మమ్మ అక్షరం పక్కన అక్షరం బిగించుకుంటూ సంతకం చెయ్యడానికి మూడు నిమిషాలు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు. నా తప్పుల చుట్టూ ఎర్ర సున్నాలు మాత్రం అలాగే ఉన్నాయి.

సోమవారం పదికల్లా మెట్లెక్కింది. మధ్యాహ్నానికి క్యారమ్ బోర్డు మీద గార్డు గారి గొంతూ, దాని మీద ఆవిడ గొంతూ వినబడ్డాయి. గురి చూడ్డానికి కళ్లు లేవన్న మనిషి ఎర్రకాయి ఎలా వేసిందని ఆయన గొడవ. ఇంతలో ఏదో పని పడిందని హెడ్ క్లర్కు గారికి ఇంటి నుంచి ఫోనొచ్చింది. ల్యాప్‌టాప్ ముందు నుంచి కొడుకును లేపి వాడికి చెప్పమంటారనుకున్నాను, రోజూ అలాగే చెబుతారు. "వాడు పనిలో ఉన్నాడు, కదపకు. నేనొచ్చాక చూస్తా" అన్నారు. మెట్ల కింద నిలబడి నేను నా చెవుల్ని నమ్మలేదు.

ఐదింటికి అమ్మమ్మ కమ్మీ పట్టుకుని దిగింది. జుట్టు చెదిరింది, వేళ్లకు క్యారమ్ పౌడరు. స్టూలు చూపించి కూర్చోమన్నాను.

"అబ్బే, పొద్దున్ననగా వచ్చాను. ఇంటికెళ్లి కాళ్లు చాపుకోవాలి" అంది.

నేను మిషన్ ఆపి, షట్టరు దించి, తాళం వేసేసరికే ఆవిడ వీధి మలుపు తిరిగిపోయింది.