బిళ్ళలక్క

ఆమెను అందరూ బిళ్ళలక్క అంటారు. వీధిలోకి కొత్తగా దిగిన ఒకావిడ ఆ పేరు విని, తలనొప్పికి మాత్ర దొరుకుతుందేమోనని తలుపు తట్టిందట. అక్క చేసేవి సిమెంటు బిళ్ళలు. స్లాబు పోసేటప్పుడు ఇనుప కడ్డీలు కింది చెక్కకు ఆనకుండా వాటి అడుగున పెడతారు. అప్పుడే కడ్డీ చుట్టూ కాంక్రీటు నిండి, ఇనుముకు తేమ తగలకుండా కాపాడుతుంది.

పెళ్ళైన కొత్తలో ఆమెకు ఇవేవీ తెలియవు. ఒకరోజు అద్దె గదిలో అత్తగారు బట్టలు మడతపెడుతుండగా పైకప్పు పెచ్చు ఊడి భుజం మీద పడింది. ఎముక విరిగింది. కప్పు బాగుచేయడానికి వచ్చిన మేస్త్రి, బయటపడ్డ కడ్డీని గోటితో గీకాడు. తుప్పు పొరలుగా రాలింది.

"దీని కింద వేలెడు కాంక్రీటైనా లేదమ్మా. తుప్పు పట్టి ఉబ్బింది, ఉబ్బి పెచ్చుని తోసేసింది."

"మరి పోసినవాళ్ళు చూసుకోలేదా?"

"పోసేశాక పైకి ఏం కనబడుద్ది?"

ఆ మాట ఆమెను వదల్లేదు. ఆ మేస్త్రి దగ్గరే బిళ్ళల పని నేర్చుకుంది. ఇసుక, సిమెంటు కలిపి అచ్చుల్లో పోసి, మధ్యలో కడ్డీకి బిగించే కట్టుతీగ గుచ్చి, ఆరాక నీళ్ళలో నానబెట్టేది. అత్తగారు ఒంటిచేత్తో అచ్చులు తుడిచి అందించేది.

భర్తది కడ్డీలు కట్టే పని. కొన్నేళ్ళకు సొంత ఇల్లు మొదలుపెట్టారు. స్లాబు రోజున, మిక్సరు తిరుగుతుండగా ఆమె పైకెక్కి చూసింది. మనుషులు తొక్కి నడవడంతో వంటగది వైపు బిళ్ళలు పక్కకు దొర్లిపోయాయి. కడ్డీలు చెక్కకు ఆనుకున్నాయి. ఆమె అక్కడే బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"లే, నలుగురిలో నా పరువు తియ్యకు," అన్నాడు భర్త.

"పరువు తర్వాత చూసుకుందాం. ముందు కడ్డీలెత్తు."

"నీ చాదస్తంతో చచ్చిపోతున్నా! అమ్మా, నువ్వైనా చెప్పవే!"

కింద కుర్చీలో ఉన్న అత్తగారు తలెత్తింది. "చెప్పడానికేముందిరా? అది లేచేది లేదు, నువ్వే వంగు."

కూలీలు గొల్లున నవ్వారు. అతను పళ్ళు నూరుతూ గడ్డపారతో కడ్డీలెత్తాడు. ఆమె ఒక్కో బిళ్ళనూ కిందికి తోసి తీగతో బిగించింది. ఈలోగా కలిపిన కాంక్రీటు బిగుసుకుపోయి కొంత పారబోయాల్సి వచ్చింది.

అత్తగారు ఆ ఇంట్లోనే, ముసలితనంతో కన్నుమూసింది. ఇప్పుడు భర్తకు మోకాళ్ళు పట్టేశాయి. పనికి వెళ్ళడం మానేసి, వరండాలో కూర్చుని అచ్చుల్లో తీగలు గుచ్చుతాడు. అవి వంకరగా దిగితే ఆమె తీసి మళ్ళీ గుచ్చుతుంది.