రోజూ రావాల్సిన బండి

నాకు కార్లంటే మోజు లేదు. రంగు తప్ప ఒక కారుకీ ఇంకో కారుకీ తేడా తెలియకుండా నలభై రెండేళ్ళు హాయిగా బతికేశాను. అలాంటి నేను ఒక వేసవి సెలవులంతా మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా అమ్మకానికున్న పాత బండ్ల చుట్టూ తిరిగానంటే, దానికి కారణం నా నడుము.

నేను టీచర్ని. మా బడి త్రిపురాంతకం రోడ్డు దిగి లోపలికి ఏడు కిలోమీటర్లు మట్టిదారిలో పోతే వస్తుంది. పద్దెనిమిది మంది పిల్లలు, ఒక గది, ఒక్క టీచరు. ఆ టీచరు రాకపోతే ఆ రోజు బడి లేనట్టే. ఆరేళ్ళు స్కూటీ మీదే తిరిగాను. ఆ దారిలోని గుంతలన్నీ నా వెన్నులోకి చేరిన సంగతి నాకు తెలియనే లేదు. ఒక జనవరి పొద్దున బోర్డు మీద తేదీ వేసి, పిల్లల వైపు తిరగబోయి, తిరగలేకపోయాను. డాక్టరు పరీక్ష చేసి, ఇక స్కూటీ ముట్టుకోవద్దన్నాడు.

అక్కడినుంచి ఆటోలు, పాల వ్యాన్లు. ఏదీ దొరకని రోజు సెలవు. నేను రాని రోజు పిల్లలు పదింటిదాకా మెట్ల మీద కూర్చుని ఇళ్ళకు వెళ్ళిపోయేవాళ్ళట. కొందరిని తల్లులు మిరపకాయల కోతకు వెంటబెట్టుకుపోవడం మొదలుపెట్టారు. సెలవులిచ్చే ముందు ఒక తండ్రి వచ్చి, తల గోక్కుంటూ, "మీరు వచ్చేది రానిది తెలీకుంటే ఎట్ల మేడం? జూన్‌లో గూడ ఇట్లనే అయితే మా పిల్లను హాస్టల్లో ఏస్తాము" అన్నాడు. అతని మీద కోపం రావాల్సింది, రాలేదు. సిగ్గేసింది. ఆ మాట ఇంకో నలుగురు అంటే ఆ బడి మూసేస్తారని నాకు తెలుసు. ఆ సాయంత్రమే ఇంటికొచ్చి, చీటీ డబ్బులు రెండు లక్షలతో కారు కొంటున్నానని చెప్పేశాను. ఆ పైన పెట్టడానికి మా దగ్గర ఇంకేమీ లేదు.

మా ఆయన సంబరం చూడాలి. మిక్సీ మూత ఇరుక్కుంటే పక్కింటివాళ్ళను పిలిచే మనిషి, మర్నాటి నుంచి ఇంజిన్ల గురించి మాట్లాడసాగాడు. నాకు ఆ మాటల మీద నమ్మకం లేక, మా వీధి చివర షెడ్డున్న ముసలి మెకానిక్ దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. ఆయన్ని నేను మామా అంటాను, ఆయన నన్ను బేటీ అంటాడు.

"ఎట్లాంటి బండి కావాల?" అన్నాడు మామ.

"మంచి రంగు, ఏసీ, పెద్ద స్క్రీన్..." అని మా ఆయన మొదలుపెట్టాడు.

"నిన్ను గాదు నాయనా, నడిపేవాళ్ళను అడిగినా."

"రోజూ పోవాల, రోజూ రావాల. అంతే మామా" అన్నాను.

"అంతే అంటావేంది బేటీ? అదే గదా కష్టం" అని నవ్వాడు.

డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నది నేనైనా, బండి చూపించేవాళ్ళంతా మా ఆయనతోనే మాట్లాడేవాళ్ళు. "చూడండి సార్, ఫుల్ కండిషన్ సార్, డాక్టరుగారి బండి సార్." మా వైపు అమ్మకానికొచ్చిన ప్రతి బండినీ ఒక డాక్టరుగారే వాడి ఉంటారు. ఇంతమంది డాక్టర్లుండగా నడుము నొప్పికి నేను ఒంగోలు దాకా ఎందుకు వెళ్ళానో! నేనేదైనా అడిగితే, "మేడంకి సీటు కవర్లు కొత్తవి ఏయిస్తాము సార్" అని ఆయనకే జవాబు చెప్పేవాళ్ళు. అలాంటి రెండు చోట్ల నేను చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని వచ్చేశాను. వెనకాల మా ఆయన వాళ్ళకు సర్దిచెప్పి వచ్చేవాడు.

మే నెల సగంలో గిద్దలూరు బ్రోకరొకడు వెండిరంగు బండి ఇంటి ముందుకే తెచ్చాడు. మామను కూడా పిలిపించాం. తళతళలాడుతోంది. మీటరు చూస్తే ముప్ఫై వేల కిలోమీటర్లు. మా ఆయన చుట్టూ మూడుసార్లు తిరిగి, పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చినవాడిలా మాట పడిపోయి నిలబడ్డాడు. నేను డ్రైవరు సీట్లో కూర్చుని కిందికి చూశాను. క్లచ్ పెడల్ మీది రబ్బరు నున్నగా అరిగిపోయి, ఒక మూల ఇనుము కనబడుతోంది.

నాకు బండ్లు తెలియవు గానీ చెప్పులు తెలుసు. బడి గుమ్మం ముందు విడిచిన చెప్పులు చూసి ఏ పిల్ల ఊళ్ళోంచి వచ్చిందో, ఏ పిల్ల మూడు కిలోమీటర్ల అవతల తోటల్లోంచి నడిచొచ్చిందో చెప్పగలను. ముప్ఫై వేలకే ఇలా అరగదు.

"ఈ రబ్బరేంది ఇట్ల ఉంది?" అన్నాను.

"ఎండకు అట్ల అయితాది సార్" అన్నాడు బ్రోకరు, మా ఆయనతో.

"కాళ్ళ కింద ఎండేంది నాయనా?"

మామ ఫక్కున నవ్వాడు. మా ఆయన మాత్రం, ఇంత మంచి బండిని రబ్బరు ముక్క కోసం వదులుకుంటామా అని మొహం ముడుచుకున్నాడు. అప్పుడు మామ తన షరతు చెప్పాడు. "బండిని ఖాళీగ తిప్పి చూస్తే ఏం తెలుస్తాది? మీరు ఎప్పుడన్నా ఖాళీగ పోతిరా? మీరెట్ల ఎక్కుతారో అట్లనే ఎక్కి దోర్నాల దాటి ఘాటు రోడ్డు ఎక్కియ్యండి. ఏసీ ఏసుకోని."

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. స్టీరింగు దగ్గర బ్రోకరు, పక్కన మామ. వెనక నేను, మా ఆయన, మా అత్త, ఆడపడుచు, ఆమె పిల్లలిద్దరూ ఒళ్ళో. మా అత్త పెద్ద గిన్నె నిండా పులిహోర కూడా తెచ్చింది. ఫారెస్టు చెక్‌పోస్టు దగ్గర గార్డు లోపలికి తొంగిచూసి, లెక్కపెట్టబోయి మానేశాడు.

ఘాటులో మూడో మలుపు తిరిగేసరికి బానెట్ కింద బుస్సుమంది. ఆవిరి కమ్మేసింది. అందరం దిగాం. "ఎండ ఎక్కువుంది గదన్నా" అన్నాడు బ్రోకరు. అప్పటికి ఎనిమిదిన్నర. మామ డిక్కీ తెరిచి రెండు నీళ్ళ క్యాన్లు దించాడు. పొద్దున అవెందుకు పెట్టాడో అప్పుడర్థమైంది.

ఇంజిన్ చల్లారేదాకా రోడ్డు పక్కనే పులిహోర తిన్నారు. సగం కోతులు పట్టుకుపోయాయి. పిల్లలు కేరింతలు కొడుతున్నారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. బడి తెరవడానికి ఇంకా పాతిక రోజులే ఉన్నాయి. మా అత్త చూసి, చెయ్యి కడుక్కుని వచ్చి పక్కన కూర్చుంది. "కొనకముందే ఉడికింది, మంచిదే గదమ్మా. ఈ పని రేపు నీ మట్టిరోడ్డులో చేసుంటే?" అంది. మా ఆయన నా వైపు చూడకుండా, "ఆ రబ్బరు ముక్క మాట వినాల్సింది" అన్నాడు. పెళ్ళయ్యాక ఆయన నోట అలాంటి మాట వినడం అదే మొదలు. బండి ఉడికినందుకు కాస్త సంతోషించాను కూడా.

వారం తర్వాత మామే ఒక కబురు తెచ్చాడు. త్రిపురాంతకం దగ్గర పాస్టరుగారొకరు కళ్ళ ఆపరేషన్ అయ్యాక బండి అమ్మేస్తున్నారట. వెళ్ళాం. వేపచెట్టు కింద పాత తెల్ల బండి. ఆయన మా ఆయనతో కాదు, నాతోనే మాట్లాడారు. నమస్కారం కాగానే బండి రోగాలన్నీ ఏకరువు పెట్టారు. "ఎడమపక్క ఎనక అద్దం దిగదమ్మా. వానకు డిక్కీలోకి నీళ్ళొస్తాయి. హారన్ ఒక్కోసారి పలకదు, రెండుసార్లు కొట్టాల. ఏసీ ఉంది గానీ, ఉందంటే ఉంది." మా ఆయన మొహం వాడిపోయింది. నేను తలుపు తీసి కిందికి వంగాను. పెడళ్ళు అరిగి ఉన్నాయి. మీటరు లక్షా నలభై వేలు చూపిస్తోంది. రెండూ ఒకే మాట చెబుతున్నాయి.

"ఏ ఊరి బడమ్మా మీది?" అన్నారు పాస్టరుగారు. చెప్పాను. "ఆదివారాలు ఆ పక్క ఊరికే పోయేవాణ్ణి. ఆ దారి దీనికి తెలుసు."

మళ్ళీ ఘాటుకు బయల్దేరాం, స్టీరింగు దగ్గర నేను, పక్కన మామ. ఈసారి పిలవకుండానే అందరూ వచ్చారు. పులిహోర గిన్నె ఇంకా పెద్దది. బండి మెల్లగా, లారీలకు దారిస్తూ, ఎక్కుతూనే పోయింది. వేడి చూపించే ముల్లు సగం దగ్గర కదలకుండా కూర్చుంది. పదో మలుపు దాటాక వెనకనుంచి మా అత్త, "ఒరే, ఇది ఆగేటట్ల లేదు, ఎవరన్నా ఆపండిరా. ఆకలైతాంది" అని అరిచింది. మామ నా వైపు తిరిగి, "ఇది తీసుకో బేటీ" అన్నాడు.

జూన్‌లో బడి తెరిచే రోజు. ముందురోజు వాన పడి మట్టిదారంతా బురద. రెండో గేరులో, ఊపిరి బిగబట్టి, బడి ఉన్న ఊరి మొదట్లోకి వచ్చి హారన్ కొట్టాను. పలకలేదు. రెండోసారి కొడితే పలికింది. మెట్ల మీద కూర్చున్న పిల్లలు లేచి పరుగెత్తుకొచ్చి బండిని చుట్టుముట్టారు. ఎంతైంది, ఎవరిది, పాటలొస్తాయా అని ఒకటే గోల. హాస్టల్లో వేస్తామన్న పిల్ల ఒక్కతే దూరంగా నిలబడింది. అరిగిన చెప్పులు చేత్తో పట్టుకుని, బురద కాళ్ళతో బండిని ముందు నుంచి వెనక దాకా చూసింది. దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"మేడం, ఇది రోజూ వస్తాదా?"

"వస్తుంది" అన్నాను.

ఆ పిల్ల నా చేతిలోంచి బడి తాళంచెవి లాక్కుని, అందరికంటే ముందు పరుగెత్తి బడి తలుపు తీసింది.