పిన్నిగారి దగ్గరున్న పద్యం

షికాగో ఎయిర్‌పోర్ట్‌లో ఫ్లైట్ లేటు. పక్క సీట్లోని సొమాలీ ఆవిడ తాను కవయిత్రినని చెప్పింది. పుస్తకం ఎక్కడ దొరుకుతుందని మర్యాదకి అడిగాను.

"పుస్తకం లేదు బ్రదర్. అన్నీ మా పిన్నికి కంఠతా వచ్చు."

"బ్యాకప్?" అన్నాను. సాఫ్ట్‌వేర్ వాణ్ణి, వృత్తిధర్మం.

"పిన్ని కూతురు."

సాయంత్రం సభలో చదవాల్సిన పద్యంలో ఒక పాదం ఆవిడకే గుర్తు రావడం లేదట. పిన్నికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. పిన్నిగారు వాళ్ల ఆనవాయితీ ప్రకారం ముందు కవి పేరు, తండ్రి పేరు చెప్పి, ఆ కవికే, అంటే ఈవిడకే, పద్యమంతా వినిపించారు. ఈవిడేదో బతిమాలింది. అవతలి గొంతు గట్టిగా కసిరింది.

"ఏమన్నారు?"

"చివరి మాట మారుస్తానన్నా. 'పద్యం కట్టేదాకే నీది, ఇప్పుడు అందరిదీ, ముట్టుకోకు' అంది."

ఆవిడ కళ్లు మూసుకుని, తన పద్యాన్నే పొల్లుపోకుండా వల్లె వేయసాగింది.