మూడు పొరలుగా కోసిన స్పాంజి

"ఇందులో ఏం కుక్కినావ్ అవ్వా?"

"ముప్పై ఏండ్లుగా లారీ సీట్లలో ఏం కుక్కుతాండానో అదే. ఏ డ్రైవరూ దాంతో సావలేదు."

"లారీ చెడితే రోడ్డు మీద ఆగుతాది. విమానం యాడ ఆగుతాది?"

అడిగినవాడు విమానాల ఇంజనీరు ప్రభుదాసు. నాలుగేళ్ల కిందట, నంద్యాలలో ఆళ్లగడ్డ రోడ్డు మీదున్న నా సీట్ల దుకాణంలో, నేను కుట్టిన సీటును బ్లేడుతో కోసి నా మిషన్ మీదే పరిచాడు. లోపలి నుంచి పాత స్పాంజి తునకలు రాలాయి. ఐదో తరగతితో బడి మానిన నేను ఆ దుకాణం మూసేదాకా లారీలకూ ట్రాక్టర్లకూ సీట్లు కుట్టాను. విమానానికి కుట్టింది అదొక్కటే.

ఆ సీటు ఓబులేసుది, విమానంలోని ఉత్త సీటు మీద మెత్తగా వేసుకోడానికి. ఆళ్లగడ్డ పిల్లవాడు, వాళ్ల నాయన లారీలకు కుట్టిందీ నేనే. నల్లమల మీద తిరిగి, భూమిలో ఏ రాయి ఎక్కడుందో కొలిచే చిన్న విమానం నడిపేవాడు. ఎక్కితే ఐదు గంటలు. లేచి నిలబడే చోటు లేదు. రెండు కాళ్లూ, విమానాన్ని పక్కలకు తిప్పే పెడళ్ల మీదే ఉండాలి. ఇంజను అదురంతా నడుములోకి ఎక్కుతుంది. మూడో గంటకు కుడికాలు మొద్దుబారి, దిగేటప్పుడు పెడలు తొక్కాడో లేదో తెలియడం లేదని నాతో చెప్పాడు. ఆ సంగతి బయటపడితే విమానం ఎక్కనివ్వరని కూడా చెప్పాడు.

విమానంలో దారప్పోగు చేరాలన్నా ఇంజనీరు సంతకం కావాలి. ప్రభుదాసు ఒప్పుకున్న స్పాంజి షీటునే ఓబులేసు తెచ్చిచ్చాడు. నిప్పు అంటుకోనిది, మందంగా, చెక్కలా ఉంది. మందం తగ్గించకుండా పైన గుడ్డ తొడిగి కుట్టమన్నాడు. నాకది దండగనిపించింది. లారీ సీటుకు మంచి స్పాంజి పైన ఒక పొరే వేస్తాం, అడుగున తునకలు కూరుతాం. ఆ పద్ధతిలోనే షీటును మూడు పొరలుగా కోశాను. ఒకటి వాడి, మిగతా రెండూ ముందు ముందు అతనికే పనికొస్తాయని దాచాను. ఎవరినీ అడగలేదు. చేత్తో నొక్కితే సీటు మెత్తగా ఉంది. మంచిపనే చేశాననుకున్నాను.

ప్రభుదాసు ఒక తునకకు అగ్గిపుల్ల అంటించాడు. అది నల్లగా కరిగి, కారుతూ మండింది. పైగా విమానం నేలను గట్టిగా తాకితే, ఇంత మెత్తటి సీటులో మనిషి అడుగుదాకా దిగబడి వెన్ను విరుగుతుందని చెప్పాడు.

ఓబులేసు వాకిట్లోనే ఉన్నాడు. "రేపొక్కరోజుకు వెయ్యన్నా. ఉత్త సీటు మీదైతే కాలు ఆడడంల్యా."

"ఆ మాట నా ముందర అనొద్దప్పా. వింటే పుస్తకంలో రాయాల్సొస్తాది."

"దాచిన పొరలుండాయి, మూడూ కలిపి కుడతా నాయనా," అన్నాను.

"కోసినాక అది ఆ షీటు కాదవ్వా."

కొత్తది రావాలంటే పది రోజులు పడుతుందన్నాడు.

ఆ దెబ్బతో ఒకటి తెలుసుకున్నాను. పొదుపు నా సామానులోనే చేయాలి. ఒకరి ప్రాణం మోసే సామాను ఎంత చెబితే అంత పెట్టాలి; తెలియకపోతే అడగాలి.

అయినా మనసాగక మూడు పొరలూ కలిపి కుట్టి, పొద్దున్నే ఆటోలో విమానాల మైదానానికి పోయాను. ప్రభుదాసు దాన్ని తిప్పి చూసి నా సంచిలోనే పెట్టాడు. ఓబులేసు ఉత్త సీటు మీదే ఎగిరాడు. మూడు గంటలు దాటగానే తిరిగొచ్చాడు. నేల తాకిన విమానం పక్కకు లాగి గడ్డిలోకి పోయి ఆగింది. దెబ్బలు తగల్లేదు. ఇద్దరు పట్టుకొని దించారు. కుడికాలు నేల మీద నిలవలేదు. ప్రభుదాసు పుస్తకం తెరిచి కాలి సంగతి రాశాడు.