పొట్టేలు ఎత్తుకుపోయిన తెల్ల కుర్చీ

నిన్న సాయంత్రం అయిదు. ఎండ తగ్గలేదు, గాలి లేదు. ఆ టైములో మా తెల్ల కుర్చీ ఒకటి పొదిలి రోడ్డు మీద పరుగెత్తుకుంటూ పోయింది. రాతలో తప్పులుంటే సర్దుకోండి.

మాది కొనకనమిట్ల దగ్గర, రోడ్డు పక్కన ఇల్లు. ముందర రేకుల కింద నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. కొన్నప్పుడు తెలుపు. ఇప్పుడు దుమ్మూ టీ మరకలూ కలిసిన రంగు, దానికి పేరు లేదు. మా అమ్మాయి ఇంటినుంచే ఆఫీసు పని చేస్తుంది. మీటింగులో వెనక ఆ కుర్చీలు కనబడుతున్నాయని ఒకటే గొణుగుడు.

ఫోన్లో కుర్చీలు తెల్లగా చేసే వీడియో చూసినాను. రాళ్లుప్పు, తినే సోడా ముద్దగా కలిపి పట్టించి, ఎండలో వదిలేయమన్నారు. వదిలేసినాను. గేటు వేయకుండా నీళ్లకని పెరట్లోకి పోయినాను.

ఎదురింటి మాలకొండయ్య మామకు గొర్ల మంద ఉంది. సాయంత్రం మా వాకిలి ముందునుంచే ఇంటికి తోలుకుపోతాడు. ఆదివారమైతే బండల మీద ఉప్పు చల్లి గొర్ల చేత నాకిస్తాడు. ఉప్పు తగిలితే అవి మనిషి మాట వినవు. ఇది నాకు తెలియంది కాదు. నేను పుట్టింది అర్ధవీడులో, గొర్లు కాసే ఇంట్లో. చిన్నప్పుడు మా నాయన వెంట ఉప్పు మూట మోసింది నేనే.

బిందెతో తిరిగొచ్చేసరికి కుర్చీలు కనబడలేదు. ఉన్ని కనబడింది.

పెద్ద పొట్టేలు కుర్చీ చేతికింది సందులో తల దూర్చి నిమ్మళంగా నాకుతోంది. మెల్లగా వెనక్కి లాగి ఉంటే సరిపోయేది. నేను బిందె వదిలేసినాను. స్టీలు బిందె, సిమెంటు నేల. పొట్టేలు బెదిరి తలెత్తింది, కొమ్ములు ఇరుక్కున్నాయి. కుర్చీతో సహా గేటు దాటి రోడ్డెక్కింది. అది ఎటు పోతే మంద అటే. మలుపులో బస్సు హారన్.

మామ బతుకంతా ఆ మందే. నేను రోడ్డు మీదికి పరుగెత్తినాను.

డ్రైవరు ఎట్లనో బ్రేకు వేసినాడు. అప్పుడే మార్కాపురం నుంచి వస్తున్న మా ఆయన బండి పడేసి కుర్చీ కాలు పట్టుకున్నాడు. పొట్టేలు ఆయన్ని కూడా కొంతదూరం ఈడ్చింది. కండక్టరు మెట్టు మీద నిలబడి, "ఏందన్నా, సీటు అదే తెచ్చుకునిందే, ఎక్కించుకోమంటావా?" అన్నాడు. బస్సంతా నవ్వు.

తప్పయిపోయిందని మామకు దండం పెట్టినాను. ఆయన ముందు గొర్లను లెక్క పెట్టుకున్నాడు. అన్నీ సరిపోయినాక మా రేకుల కిందికి చూసినాడు. మంద నాకిన మూడు కుర్చీలు తళతళలాడుతున్నాయి.

"పని బాగా చేసినాయి కోడలా. ఈసారి ముందే చెప్పు, నేనే తోలుకొస్తా."

అమ్మాయి మాత్రం మాట్లాడటం లేదు. మీటింగులో అందరికీ వెనక గొర్లు కనబడినాయట.

చీకటి పడేవేళ గేటు వేసి, నేనూ లెక్క పెట్టుకున్నాను. మంద వచ్చింది. మామ వచ్చినాడు. మా ఆయన వచ్చినాడు, ఒక చెప్పుతో. కుర్చీ వచ్చింది, మూడు కాళ్లతో. గొర్ల మధ్య పెరిగిన నా తెలివి ఒక్కటే ఇంకా ఇల్లు చేరలేదు.