బీరువాక్క ఇచ్చిన మాట

ఆ భాషా పాఠశాలలో ఆమెను అందరూ బీరువాక్క అనేవారు. ముందుగదిలో బల్ల వెనుక కూర్చుని కొత్తవాళ్ళను చేర్చుకోవడం, తరగతుల గంట కొట్టడం, విద్యార్థుల వివరాలున్న ఇనుప బీరువాకు తాళం వేసి ఆ తాళంచెవిని మెడలో వేసుకుని తిరగడం ఆమె ఉద్యోగం. బీరువా నోరైనా ఎప్పుడో ఒకప్పుడు తెరుచుకుంటుంది గాని అక్క నోరు తెరుచుకోదని విద్యార్థులు వేళాకోళమాడేవారు.

నలుగురి ఎదుట ఆమె ఎవరినీ అసలు పేరుతో పిలవదు. సంచిలో ఊలు ఉండలతో వచ్చి, విరామంలో అల్లికపని చేసుకునే పిల్ల ఊలమ్మాయి. డ్యూటీ దిగి నేరుగా తరగతికొచ్చి కునికిపాట్లు పడే ఆవిడ నర్సమ్మ. రెండు కళ్ళజోళ్ళు మార్చి మార్చి పెట్టుకునే పెద్దాయన జోళ్ళ తాతయ్య. ఫలానా మనిషి ఇక్కడ చదువుతున్నారా అని ఎవరు వచ్చి అడిగినా ఆమె జవాబు ఒక్కటే.

"ఉన్నారనీ చెప్పను, లేరనీ చెప్పను. మీ పేరూ ఫోన్ నంబరూ ఇచ్చి వెళ్ళండి. అలాంటి మనిషి ఉంటే అందుతాయి. మాట్లాడాలో వద్దో వాళ్ళిష్టం."

ఇంట్లోనూ అదే వరస. "ఏమ్మా, ఇవాళ మీ బడికి ఎవరెవరొచ్చారు?" అని అత్తగారు ఆశగా అడిగితే, "మనుషులే వచ్చారత్తయ్యా" అనేది.

"నీ దగ్గర కబురు రాబట్టడం కంటే రాతి నుంచి నార తీయడం నయం" అని ఆవిడ మూతి ముడుచుకునేది.

ఊలమ్మాయి చేరిన రోజున దరఖాస్తులో చిరునామా గడి దగ్గర కలం ఆగిపోయింది.

"అక్కా, అన్నయ్య చెయ్యి చేసుకునే ఇంట్లోంచి వచ్చేశాను. ఇది ఎవరు చూస్తారు?"

"నేనూ, ఈ బీరువా. ప్రిన్సిపాల్ గారికి కావాలన్నా నన్నే అడగాలి."

"మాటేనా?"

"మాటే."

చిరునామా అంటే వీధి పేరూ ఇంటి నంబరే కదా అని తేలికగా తీసిపారేసేవారు, తలుపు చప్పుడైతే చాలు ఊపిరి బిగపట్టే మనిషి పక్కన ఒక్క పూట కూర్చుని చూడాలి. ఊలమ్మాయికి తన చిరునామా ఎవరికీ తెలియకపోవడమే తలుపుకు గడియ. ఆ గడియను ఆమె బీరువాక్క చేతిలో పెట్టింది.

అన్న రానే వచ్చాడు. నలగని చొక్కా, చేతిలో చెల్లెలి ఫోటో, కళ్ళ నిండా నీళ్ళు.

"అమ్మ మంచం పట్టిందండీ. దీని పేరే కలవరిస్తోంది. ఇక్కడ చదువుతోందని తెలిసి వచ్చాను."

బీరువాక్క తన జవాబు తాను చెప్పింది.

"మీకూ అమ్మ ఉంటుంది కదండీ!" అంటూ అతను ఫోటోను కళ్ళకద్దుకున్నాడు.

ఆమె నియమం కరగలేదు గాని మనసు కరిగింది. "కాసేపు కూర్చోండి. మంచినీళ్ళు తాగి, నంబరిచ్చి వెళ్ళండి" అని నడవలోని బెంచీ చూపించింది.

ఆ బెంచీ మొదటి తరగతి గదిని ఆనుకుని ఉంటుంది. ఉక్కపోతకు ఆ గది తలుపు ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటుంది.

ఏ భాషలోనైనా తొలి పాఠం ఒకటే: నువ్వెవరు, ఎక్కడుంటావు? మాస్టారి పద్ధతిలో ఒకరు లేచి తమ ఇల్లెక్కడో చెప్పాలి. వెంటనే తరగతి అంతా "ఆమె ఫలానా చోట ఉంటుంది" అని ఒక్క గొంతుతో అప్పజెప్పాలి. నడవ దాకా వినిపించకపోతే మాస్టారు ఊరుకోరు. "గట్టిగా! ఇల్లు చెప్పుకోవడానికి కూడా మొహమాటమా?" అని గదమాయిస్తారు.

బీరువాక్క గ్లాసులో నీళ్ళు పోస్తుండగా, జోళ్ళ తాతయ్య రేవు పక్క వీధిలో ఉంటాడని తరగతి ఘోషించింది. నర్సమ్మ ఆసుపత్రి వెనుక సందులో ఉంటుందని ఘోషించింది. ఏళ్ళ తరబడి రోజూ వింటున్న గోలే. ఆ గోలలో చిరునామాలున్నాయని ఆమెకు ఆ క్షణంలో తట్టింది. గ్లాసు వదిలేసి గంట వైపు పరుగెత్తింది. అప్పటికే ఊలమ్మాయి లేచింది. కొత్త భాషలో అబద్ధం చెప్పేటన్ని మాటలు ఆ పిల్లకింకా రాలేదు. గంట మోగేలోపు గది గదంతా ప్రకటించేసింది:

"ఆమె రొట్టెల దుకాణం మీద, మేడగదిలో ఉంటుంది!"

ఆ భాష అన్నకు బాగా వచ్చు. ముందు చెల్లెలి గొంతు, ఆ వెంటనే ఆమె ఇల్లు అతని చెవిన పడ్డాయి. బీరువాక్క నడవలోకి వచ్చేసరికి బెంచీ ఖాళీ.

ప్రిన్సిపాల్ సంగతంతా విని నుదురు రుద్దుకున్నారు. "విన్నాడో లేదో! ఊళ్ళో రొట్టెల దుకాణం ఒక్కటే ఉందా? ఊరికే ఆ పిల్లను బెదరగొట్టకండి. బడి పేరు కూడా చూసుకోవాలి."

"బడి పేరు మనదండీ, ఇల్లు ఆమెది. పోయింది ఆమె సొమ్ము. పోయిందని ముందు ఆమెకే తెలియాలి" అని బీరువాక్క అనుమతి కోసం ఆగకుండా తరగతిలోకి నడిచింది.

ఊలమ్మాయిని పక్కకు పిలిచి, దాచకుండా చెప్పింది. అల్లిక సూదులు ఆగిపోయాయి.

"బీరువాకు తాళం వేశారు కదక్కా?"

"వేశాను."

"మరి?"

"తలుపు వేయలేదు తల్లీ. కూర్చోమన్నది కూడా నేనే. మీ అమ్మకు బాగాలేదంటే..."

ఆ పిల్ల ఊలు ఉండను సంచిలో పెట్టేసింది. "అమ్మ పోయి ఎన్నేళ్ళో అయిందక్కా" అంది.

బీరువాక్కకు తల తీసేసినట్లయింది.

ఆ రాత్రి ఊలమ్మాయి నర్సమ్మ ఇంట్లో తలదాచుకుంది. ఎవరో వచ్చి మేడగది తలుపు గొళ్ళెం ఊడేలా బాదాడని రొట్టెల దుకాణదారు మర్నాడు కబురు చేశాడు. ప్రిన్సిపాల్ మారు మాట్లాడకుండా బెంచీని వీధి అరుగు మీదికి మార్పించారు. ఊలమ్మాయి పోలీసులకు ఫిర్యాదిచ్చింది. సాక్షిగా వెళ్ళిన బీరువాక్క, తాను బెంచీ చూపించిన సంగతి కూడా చెప్పింది.

మాస్టారు మాత్రం మొరాయించారు. "తలుపులు మూస్తే ఉడికిపోతామమ్మా!"

"అయితే తెరిచే ఉంచి, అబద్ధాలు చెప్పించండి."

"పాఠంలో అబద్ధమా?"

"ఇల్లు నిజమైతేనే వాక్యం కుదురుతుందా మాస్టారూ?"

ఆయన సుద్దముక్క అందుకుని తరగతిలోకి నడిచారు. ఆ పూట జోళ్ళ తాతయ్య చందమామ మీద అద్దెకుంటున్నానన్నాడు. "ఇల్లుగలాయన మంచివాడేనా?" అని ఎవరో అడిగితే, "సగం రోజులు కనిపించడు" అన్నాడు. నర్సమ్మ ఏనుగు కడుపులో కాపురం పెట్టింది. తరగతి పడీ పడీ నవ్వుతూ అప్పజెప్పింది. చివరికి ఊలమ్మాయి లేచింది.

"నేను బావిలో ఉంటాను. రెండు మొసళ్ళు కాపలా."

అందరికంటే గట్టిగా పలికింది ఆ పిల్లే. తన బల్ల దగ్గర బీరువాక్క తల వంచుకుని కళ్ళు తుడుచుకుంది.

సాయంత్రం ఆ పిల్ల తనకు తానే వెతుక్కున్న కొత్త గదికి సామాను చేర్చాలి. బట్టల సంచీ, ఊలు సంచీ ఊలమ్మాయి అందుకుంది. పొయ్యి బీరువాక్క ఎత్తుకుంది. మూడు సందులు చీలేచోట ఆ పిల్ల ఆగింది.

"ఇక్కడిదాకా చాలక్కా."

బీరువాక్కకు అర్థమైంది. నొచ్చుకోవడానికి తనకు హక్కు లేదని కూడా అర్థమైంది. పొయ్యి అందించింది.

"రేపు చిరునామా గడిలో ఏం రాయను?"

"బావి అని రాయండి."

"మొసళ్ళు?"

"రెండే." ఊలమ్మాయి పెదవి చివర చిన్న నవ్వు మెరిసింది. "తర్వాత ఎప్పుడైనా నేనే వచ్చి రాస్తానులే అక్కా."

బీరువాక్క వెనుదిరిగింది. పొయ్యి బరువు, సంచులు రెండు, పిల్ల సన్నం. ఏ సందులో ఎంత దూరం మోసుకుపోవాలో తెలియదు. ఒక్కసారి తిరిగి చూస్తే తెలిసిపోతుంది. ఆమె మెడలోని తాళంచెవిని గుప్పిట బిగించి, చూడకుండానే ఇంటికి నడిచింది.